పన్నెండేళ్ళ విత్తనం

భూసార పరీక్ష రిపోర్టులో జింకు లోపం అని వస్తే మామూలు రైతుకు ఎకరానికి ఇరవై కిలోల జింకు సల్ఫేటు. గొర్రుకు మాత్రం ఉన్నపళంగా రమ్మని హెడ్ క్వార్టర్స్ పిలుపు.

ఆ కాగితాన్ని అతను మొక్కజొన్న చేను గట్టు మీద నిలబడి ఒకటికి రెండుసార్లు చదివాడు. పక్కన రైతు ఆత్రంగా అతని మొహంలోకి చూస్తున్నాడు.

"ఏంటి సార్, జింకు తక్కువుందా?"

"ఉందిలే. నీ చేలో కాదు, నా జాతకంలో."

గొర్రు అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన కోడ్ నేమ్. విత్తనాలు వేసే గొర్రు. ఇరవై రెండేళ్ళ క్రితం అతనికి పంటల కన్సల్టెంట్ వేషం తగిలించి ఆరు నెలలకే అన్నారు. వేషం మంచిదే. ఎవరి పొలంలోకైనా వెళ్ళొచ్చు, చేతిలో ఎంత వింత పరికరం ఉన్నా ఎవరూ అడగరు. కాకపోతే ఆ ఆరు నెలలు ఇంకా పూర్తి కాలేదు. ఇప్పుడతనికి పిస్తోలు ఏ సొరుగులో ఉందో గుర్తులేదు గానీ, ఆకు వెనక్కి తిప్పితే చాలు, పురుగు ఎన్ని రోజుల కిందట గుడ్డు పెట్టిందో చెప్పేస్తాడు. యాభై మూడేళ్ళొచ్చాయి. మోకాళ్ళు వంగితే లేవవు, లేస్తే వంగవు. సెలవు తొమ్మిదిసార్లు అడిగాడు. సీజన్ ఉన్నప్పుడు రైతులు వదలరు, సీజన్ లేనప్పుడు శత్రువులు వదలరు. ఇక మనిషన్నవాడు పడుకునేదెప్పుడు?

హెడ్ క్వార్టర్స్ అంటే ట్రాక్టరు స్పేర్ పార్టుల షాపు వెనక గది. గ్రీజు వాసన, ఒక ఫ్యాను, ఒక టేబులు. టేబులు వెనక పెద్దాయన. ఆయన పేరు డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు. బహుశా ఆయనే మర్చిపోయి ఉంటాడు.

"కూర్చో."

"నిలబడతాను సార్. కూర్చుంటే లేవడం పెద్ద పని."

"గోధుమకి తుప్పు తెగులు తెలుసుగా?"

"ఆకు మీద నారింజ రంగు పొడి. వేలు పెడితే వేలికి, బట్ట తగిలితే బట్టకి అంటుకుంటుంది. అంటుకున్నచోటల్లా తెగులే."

"దాంట్లో కొత్త రకం ఒకటొచ్చింది. మన దేశంలో ఒక్కచోటే ఉంది, పరిశోధన కేంద్రం అద్దాల గదిలో, తాళం వేసి. బయటి దేశాల్లో మాత్రం ఒక ముఠా దాన్ని చేలల్లోకి వదిలి, విరుగుడు మందు తామే అమ్ముకుంటోంది. ముఠా కోడ్ నేమ్ గిడ్డంగి."

"ఇంటికి నిప్పు పెట్టి నీళ్ళు అమ్ముకునే రకం."

"అదే రకం. మన దగ్గర వాళ్ళ పప్పులు ఉడకవు. ఆ తెగులు తట్టుకునే గోధుమ విత్తనం మన కేంద్రంలో తయారైంది. పన్నెండేళ్ళు పట్టింది. పరీక్షలకి పోగా మిగిలింది రెండు కిలోలు. లోకం మొత్తానికి ఆ రెండు కిలోలే. రేపు పదకొండు గంటలకి దాన్ని విత్తనం పెంపకం ఫారానికి అప్పగిస్తారు. గిడ్డంగి ప్లాన్ ఏంటంటే, ఆలోపు పెట్టె మార్చేయడం. అదే డబ్బా, అదే సీలు, లోపల ఉత్త గోధుమలు. మూడేళ్ళలో దేశమంతా అవే చల్లుతాం. అప్పుడు తెగులు వదులుతారు."

"లోపలి మనిషి ఎవరు?"

పెద్దాయన ఒక ఫోటో ముందుకి జరిపాడు. గొర్రు చూడగానే గుర్తుపట్టాడు. గుర్తుపట్టక చస్తాడా, ఆ ఫోటో తీసిందే అతను. ఫోటోలో ఉన్నది అతని సొంత అక్క.

తొమ్మిదేళ్ళ వయసులో అమ్మ పోతే, తల దువ్వి, చెవి మెలిపెట్టి, ఎక్కాలు అప్పజెప్పించుకుని పెంచింది ఆ అక్కే. ఆమె ఇప్పుడు ఆ కేంద్రంలో గోధుమ శాస్త్రవేత్త. ఆ విత్తనం ఆమెదే. తమ్ముడు మాత్రం ఆమె దృష్టిలో ఎందుకూ కొరగాని ఒక కన్సల్టెంటు.

"డేటా మూడుసార్లు బయటికి పోయింది," అన్నాడు పెద్దాయన. "సీడ్ రూమ్ తాళం ఆవిడ ఒక్కదాని దగ్గరే ఉంది. రెండుసార్లు ప్రమోషన్ తప్పించారు. ఆవిడ పేరుండాల్సిన బోర్డు మీద ఇంకొకరి పేరుంది. మండదా? కంచే చేను మేస్తే ఎవరేం చేస్తారు?"

"ఎవరు చెప్పారు సార్?"

"పాదరసం."

గొర్రు నిట్టూర్చాడు. పాదరసం డబుల్ ఏజెంటు. గిడ్డంగిలో మన మనిషి, మన దగ్గర గిడ్డంగి మనిషి. చూడ్డానికి తళతళలాడుతుంది, పట్టుకుంటే చేతిలో ఉండదు. పెద్దాయనకు మాత్రం ఆమె మాట వేదం.

"రేపు గేటు దగ్గర నేనే ఉంటాను. పదకొండుకి పెట్టె మారిందని తేలితే మీ అక్కకి అక్కడే అరెస్టు. ఈ పని నీకెందుకిచ్చానో తెలుసా? ఇంకొకడయితే ఇవాళే సంకెళ్ళు వేస్తాడు."

"నేనయితే?"

"నువ్వయితే రేపు వేస్తావు. ఇదిగో, తేమ మీటరు. బటన్ మూడుసార్లు నొక్కితే నాకు సిగ్నల్ వస్తుంది."

"పోయినసారి ఇచ్చింది చచ్చింది సార్."

"కొత్త బ్యాటరీ వేశాం."

"పోయినసారీ అదే అన్నారు."

ఆ రాత్రి గొర్రుకు కంటి మీద కునుకు లేదు. మా అక్క అలాంటిది కాదు అని గట్టిగా అనుకుందామని చూశాడు. ఇలాంటి మాట ఎంతమంది తమ్ముళ్ళు, ఎంతమంది మొగుళ్ళు, ఎంతమంది కొడుకులు తన ముందు కూర్చుని అన్నారో, వాళ్ళలో ఎంతమంది మాట నిజమైందో గుర్తొచ్చింది. ఈ ఉద్యోగం మనిషికి చేసే అపకారం ఇదే. సొంత అక్కను కూడా తనివితీరా నమ్మనివ్వదు.

పొద్దున ఏడింటికల్లా పరిశోధన కేంద్రం గేటు దగ్గర దిగాడు. గేటు తాత అతని సంచి మొత్తం బోర్లించి ఒక్కొక్కటీ లెక్కపెట్టి రాసుకున్నాడు. గేటు పక్కన చిన్న ఆవిరి గది. తెగులు పొడి అంటుకున్న వస్తువు ఏదైనా అందులో అరగంట ఉడికితే గానీ గేటు దాటదు. అక్క పెట్టిన రూలు.

"ఒరేయ్, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డావేంట్రా? మరదలు తరిమేసిందా?" అక్క కళ్ళజోడు మెడలో తాడుకి వేలాడుతోంది. అరవై ఒకటో ఏడు, నడక మాత్రం ఇరవై.

"నీ పెద్దరోజు కదక్కా. చూద్దామని."

"ఓహో. పన్నెండేళ్ళలో నాలుగుసార్లొచ్చావు. నాలుగుసార్లూ ఫోను చూసుకుంటూ కూర్చున్నావు. ఆ కళ్ళేంటి, అలా ఉన్నాయి? నిద్రపోవట్లేదా?"

అక్క ముందు నడిచింది, అతను వెనక.

పొడవాటి నడవ. మొదట్లో సీడ్ రూమ్. తర్వాత పచ్చగది, ఆరోగ్యంగా ఉన్న మొక్కల అద్దాల గది. చివర ఎర్రగది, తెగులు పెంచే గది. ఎర్రగది బయట నేల మీద అరచేయి వెడల్పున తెల్లగీత. రోజూ పని పచ్చగదిలో మొదలై ఎర్రగదిలో ముగియాలి. ఎర్రగదిలోంచి వచ్చినవాడు అక్కడే చేతులు కడుక్కుని, పెరటి తలుపు గుండా బయటికి పోవాల్సిందే. గీత దాటి వెనక్కి రావడానికి వీల్లేదు.

"రోగం చూసినవాడు ఆ రోజుకి ఆరోగ్యం గడప తొక్కకూడదు," అంటుంది అక్క.

ఊరికే అనదు. ఆరో ఏట ఒక పెద్దమనిషి ఎర్రగది చూసి, అవే బూట్లతో పచ్చగదిలోకి వచ్చాడు. పన్నెండో రోజుకి నాలుగు వందల కుండీలు నారింజ రంగుకి తిరిగాయి. రెండేళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరైంది. అప్పటి నుంచి గేటు తాత దగ్గర ఒక రిజిస్టరు ఉంది. గీత దాటినవాడి పేరు, కారణం అందులో రాస్తారు. వాడు వారం రోజులు ఈ గేటే కాదు, ఏ చేలోనూ అడుగు పెట్టడానికి లేదు. డైరెక్టరు పేరు ఉంది అందులో. అక్క పేరు కూడా ఉంది. ఒకసారి పరధ్యానంలో తానే దాటి, తన పేరు తానే రాసుకుని, వారం రోజులు గేటు బయట కుర్చీ వేసుకుని పనిచేసింది.

"అక్కా," అన్నాడు గొర్రు, గోడ మీద బోర్డు చూస్తూ, "నీ పేరు లేదని బాధ లేదా?"

"ఎందుకుండదురా? కడుపు రగిలిపోతుంది. అయితే ఏం చెయ్యమంటావు? గోధుమకి చదువు రాదు, అది బోర్డు చదవదు."

మాట బాగుంది. అమ్ముకున్నవాళ్ళు కూడా అచ్చం ఇలాగే అంటారు అని అతని లోపలి మనిషి గొణిగాడు. వాడి నోరు నొక్కెయ్యాలనిపించింది.

ఎనిమిదింటికి పాదరసం వచ్చింది. మెషీన్లు బాగుచేసే సర్వీసు ఇంజనీరు వేషం. తెల్లకోటు అందరికీ ఉన్నదే, ఆమె వేసుకుంటే మాత్రం పెళ్ళిబట్టలా ఉంది. చేతిలో వెండిరంగు టూల్ కేసు. గేటు తాత అది తెరిచి ప్రతి స్క్రూడ్రైవరూ లెక్కపెట్టి పంపాడు. సీడ్ రూమ్ థర్మామీటరు తప్పు చూపిస్తోందని, ఇవాళంతా ఆమెను లోపల పనిచేసుకోనివ్వమని డైరెక్టరు సంతకం పెట్టిన కాగితం ఉంది. అక్క మొహం చిట్లించింది. కానీ కాగితం కాగితమే. రూలంటే అక్కకు తల వంచడమే తెలుసు.

నడవలో ఎవరూ లేనప్పుడు పాదరసం అతని పక్కన ఆగింది. ఖరీదైన సెంటు వాసన.

"ఈ ఏడు పొగమంచు ఎక్కువట."

"ఆకు తడవనంతవరకు భయం లేదు," అని కోడ్ వర్డ్ అప్పజెప్పాడు గొర్రు, ఆవులింత ఆపుకుంటూ.

ఆమె ఒక చీటీ అతని చేతిలో పెట్టింది. అక్క చేతిరాత. విత్తనం నంబరు, బరువు, చివర 10.45.

"ఆ టైముకి మార్పు. పెట్టె మీ అక్కే తెస్తుంది. మీరు కల్పించుకోకండి, నేను చూసుకుంటాను." ఆమె గొంతు కాస్త మెత్తబడింది. "నమ్మబుద్ధి కావట్లేదు కదూ? మా నాన్న విషయంలో నాకూ అలాగే ఉండేది."

అక్క రోజుకి ఇలాంటి చీటీలు యాభై రాస్తుంది. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసినా చీటీ జేబులో బరువుగా ఉంది.

తొమ్మిదిన్నరకి విత్తన ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి, చేతిలో గోధుమరంగు తోలు సంచి. మొలక శాతం, తేమ శాతం, శుద్ధత శాతం గడగడా అప్పజెప్పాడు. రేకు డబ్బాలో రెండు కిలోలు తూచి, మూత పెట్టి, లక్క కరిగించి ముద్ర వేశాడు. అక్క పక్కనే నిలబడి రెప్ప వెయ్యకుండా చూసింది. డబ్బా అరలోకి వెళ్ళింది. థర్మామీటరు దగ్గర పాదరసం తల ఎత్తకుండా పనిచేసుకుంటోంది.

"సంచి ఇక్కడే పెట్టి రండి," అంది అక్క, గదులు చూపించడానికి బయల్దేరుతూ.

"ఇందులో ప్రభుత్వ ముద్ర ఉంది మేడమ్. చేతిలోంచి వదలకూడదని రూలు. గేటు దగ్గర కూడా తెరవనివ్వలేదు."

"రూలైతే సరే."

పచ్చగది చూశారు. ఎర్రగదిలోకి వెళ్ళారు. లోపల అడుగు పెట్టగానే ఎటు చూసినా తుప్పు. ఆకులు వాలిపోయి, గాలిలో నారింజ పొడి తేలుతోంది. ఆ పాడు మధ్యలో మూడు వరుసలు, చెయ్యి పెట్టి చూడాలనిపించేంత పచ్చగా నిలబడి ఉన్నాయి. అక్క మొక్కలు. అవి ఇంకా కంకి కూడా వెయ్యలేదు, రేపు ఈ గదితోపాటు కాల్చేస్తారు.

"పన్నెండేళ్ళు," అంది అక్క.

గొర్రు ఆ వరుసల్ని, అక్కను మార్చి మార్చి చూశాడు. ఈ మనిషి దీన్ని అమ్ముకుంటుందా?

ఇన్‌స్పెక్టరు సంచి తెరిచి భూతద్దం తీశాడు, ఆకులు తడిమాడు, మళ్ళీ సంచిలో పెట్టాడు. పదిన్నరయింది. అతిథులు వచ్చారని కబురొస్తే అక్క చేతులు కడుక్కుని పెరటి తలుపు గుండా గేటు వైపు వెళ్ళిపోయింది. గొర్రు ఇంకా తొట్టి దగ్గర సబ్బు రుద్దుకుంటున్నాడు.

"అయ్యో, కళ్ళజోడు సీడ్ రూమ్‌లో మర్చిపోయాను. ఒక్క నిమిషం," అని ఇన్‌స్పెక్టరు సంచి పట్టుకుని, చెయ్యయినా కడుక్కోకుండా, తెల్లగీత దాటి చకచకా నడిచిపోయాడు.

గొర్రు చేతిలో సబ్బు జారిపోయింది.

ముప్పై ఏళ్ళు విత్తనాలతో బతికినవాడి కాళ్ళు ఆ గీత దగ్గర వాటంతటవే ఆగుతాయి. కళ్ళజోడు కాదు కదా, కన్నే మర్చిపోయినా, గీత ఇవతల నిలబడి ఎవరినో ఒకరిని కేకేసి తెప్పించుకుంటాడు. ఎవరూ నేర్పక్కర్లేదు, ఒక్క పంట పోగొట్టుకుంటే చాలు. ఈ మనిషి నాలుక పాఠం మొత్తం నేర్చుకుంది గానీ, కాళ్ళు నేర్చుకోలేదు. వీడు విత్తనాల మనిషి కాడు.

గొర్రు పరుగందుకున్నాడు. గీత దాకా వచ్చి ఠక్కున ఆగిపోయాడు. అతని కాళ్ళూ కదల్లేదు మరి! ఇరవై రెండేళ్ళ దొంగవేషం ఎప్పుడో ఒంట్లోకి ఇంకిపోయింది.

"ఛీ, ఏం బతుకురా ఇది!" అని తనను తానే తిట్టుకుంటూ కోటు విప్పాడు. బూట్లు లాగాడు. మేజోళ్ళు పీకాడు. కాళ్ళు తొట్టిలో ముంచాడు. దేశం కొంప మునుగుతుంటే ఒక గూఢచారి కాలివేళ్ళ సందుల్లో సబ్బు రుద్దుకోవడం డిపార్ట్‌మెంట్ చరిత్రలో ఎక్కడా ఉండదు. నిమిషం పోయింది. వట్టికాళ్ళతో పరిగెత్తాడు.

సీడ్ రూమ్ గుమ్మంలో పాదరసం ఎదురొచ్చింది, టూల్ కేసుతో.

"అంతా క్లియర్. మీ అక్క ఇంకా రాలేదు," అని నవ్వి, అతని కాళ్ళ వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

సీడ్ రూమ్‌లో ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. డబ్బా అరలోనే ఉంది. లక్క చెక్కుచెదరలేదు. పొద్దున వేసిన ముద్రే, అంగుళం అటూ ఇటూ లేదు. గొర్రు జేబులోంచి తెల్ల రుమాలు తీసి డబ్బాను మెల్లిగా తుడిచాడు.

రుమాలు నారింజ రంగుకి తిరిగింది.

తొమ్మిదిన్నర నుంచి ఈ గది దాటని డబ్బాకి ఎర్రగది పొడి ఎలా అంటుకుంటుంది? అంటే ఈ డబ్బా ఎర్రగది చూసొచ్చింది, తోలు సంచిలో కూర్చుని. గేటు దగ్గర తెరవని సంచిలో దొంగ డబ్బా లోపలికి వచ్చింది. అసలు డబ్బా ఇప్పుడే వెండిరంగు కేసులో బయటికి పోయింది.

ఇన్‌స్పెక్టరు ఆ రుమాలు చూశాడు. చేయి కోటు జేబులోకి పోయింది. గొర్రు కుస్తీ పట్టే వయసు దాటిపోయినవాడు. ఒక్క అడుగు వెనక్కేసి, తలుపు ధడాలున మూసి, బయట గడియ పెట్టాడు.

లోపల దబదబా బాదుతున్నాడు. "తెరువు! చలికి చచ్చిపోతాను!"

"నాలుగు డిగ్రీల్లో విత్తనాలు పదేళ్ళుంటాయండీ. మీరు పది నిమిషాలుండలేరా?"

తేమ మీటరు బటన్ మూడుసార్లు నొక్కాడు. ఆరుసార్లు నొక్కాడు. తొడ మీద కొట్టి మళ్ళీ నొక్కాడు. దాని ప్రాణం ఎప్పుడు పోయిందో! మోకాళ్ళను బతిమాలుకుంటూ గేటు వైపు పరిగెత్తాడు.

గేటు దగ్గర పది యాభై రెండు. వరండాలో కుర్చీలు, అతిథులు, అక్క. కారు డ్రైవరు టోపీ పెట్టుకుని పెద్దాయన, ఫోటోగ్రాఫర్ల వేషంలో ఇద్దరు మనుషులు. పాదరసం కారు తలుపు మీద చెయ్యేసింది.

గొర్రు పెద్దాయన చెవిలో రొప్పుతూ చెప్పాడు. "సార్, విత్తనం ఆ కేసులో ఉంది. తెరిపించండి."

"ఆవిడ మన మనిషి. అందులో డిపార్ట్‌మెంట్ సరుకుంది. పోయేటప్పుడు ఎవరూ తెరవకూడదని నా ఆర్డరు." పెద్దాయన అతని వట్టికాళ్ళ వైపు చూశాడు. "అక్క కోసం నాటకాలాడకు. నాకు జాలేస్తోంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెరవడానికి లేదు, పోనివ్వడానికి లేదు. అప్పుడు గొర్రు కంటికి కేసు పిడి కనబడింది. వెండిరంగు మీద, వేళ్ళు పట్టుకున్నచోట, నాలుగు నారింజ మరకలు. డబ్బా అందించేటప్పుడు ఇన్‌స్పెక్టరు కడగని చెయ్యి తగిలింది.

"అక్కా," అని కేకేశాడు. "ఒక్కసారి ఈ పిడి చూడు."

అక్క వచ్చింది. మెడలో కళ్ళజోడు ముక్కు మీదికి ఎక్కింది. వేలితో రాసి చూసింది. ఆమె మొహంలో రంగు మారిపోయింది.

"ఇది ఎర్రగది పొడి. ఎవరిదీ కేసు?"

"నేను ఎర్రగదిలోకి వెళ్ళనే లేదండీ," అంది పాదరసం.

"వెళ్ళకపోతే ఎలా వచ్చింది? దానికి కాళ్ళున్నాయా? తాతా, ఆవిరి గది తెరువు."

పెద్దాయన ముందుకొచ్చాడు. "అమ్మా, ఆ కేసు తెరవడానికి వీల్లేదు. పైనుంచి ఆర్డరు."

"ఎవరు తెరవమన్నారు? మూసింది మూసినట్టే పెట్టండి. వంద డిగ్రీల ఆవిరి, అరగంట."

"లోపల మెషీను పాడైపోతుంది!" అంది పాదరసం. మొదటిసారి ఆమె గొంతు జారింది.

"పాడైతే కొనుక్కోవచ్చమ్మాయ్. ఈ పొడి గేటు దాటితే పంట కొనుక్కోలేం. తాతా!"

గేటు తాత కేసు లాక్కుని ఆవిరి గదిలో పెట్టి ఇనప తలుపు బిగించాడు. అక్క వెళ్ళి చక్రం మీద చెయ్యి వేసింది.

గొర్రు ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. ఆ కేసులో ఉన్నదేమిటో అక్కకు తెలియదు. అతనికి తెలుసు. ఆవిరి తగిలితే అరగంట అక్కర్లేదు, కాసేపటికే గింజలు ఉడికిపోతాయి. ఇప్పుడు నోరు విప్పితే, తమ్ముడు అక్కను కాపాడుకోవడానికి ఆడిన అబద్ధమంటారు. కేసు చల్లగా కారెక్కి పోతుంది, అక్క చేతికి సంకెళ్ళు పడతాయి. విప్పకపోతే, పన్నెండేళ్ళ పంటను అక్క తన చేత్తో తానే వండేస్తుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అతనికి ఆ క్షణం తెలిసొచ్చింది. పాదరసం మొహంలోకి చూశాడు. దానికి దేశం లేదు, నాన్న కథ కూడా అబద్ధమే అయ్యుంటుంది. కానీ సరుకు విలువ తెలుసు. ఆ ఒక్కదాని మీదే అక్క బతుకును పందెం కాశాడు.

అక్క చక్రం తిప్పింది. గొట్టంలో బుస్సుమని చప్పుడు మొదలైంది. ఆవిరి గోడ వెనకనుంచి పాకుతూ వస్తోంది.

ఒకటి. రెండు. మూడు. పాదరసం వాచీ చూసుకుంది. నాలుగు. గొర్రు చూపు ఆమె మొహం మీదే ఉంది. ఐదు. చాలు, చెప్పేస్తాను, అరిచేస్తాను, ఏమైతే అదవుతుంది—

"ఆపండి!" అని అరిచింది పాదరసం. "ఆపండి! చచ్చిన గింజలు ఎవడిక్కావాలి!"

అక్క చెయ్యి చక్రం మీద ఆగిపోయింది. "గింజలా? ఏ గింజలు?"

అందరూ పాదరసం వైపు తిరిగారు. పెద్దాయన మాత్రం పాదరసాన్ని చూడలేదు. అక్క చేతినే చూస్తున్నాడు. విత్తనం అమ్ముకున్న మనిషికి అది ఎక్కడుందో తెలిసి ఉండాలి. తెలిసిన మనిషి ఆ చక్రం తిప్పదు.

"కంచే చేను మేసింది సార్," అన్నాడు గొర్రు నెమ్మదిగా. "మీ కంచె."

పెద్దాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. డేటా మూడుసార్లు పోయిన రోజుల్లో మూడుసార్లూ మెషీను బాగుచేయడానికి వచ్చింది ఎవరో ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. ఫోటోగ్రాఫర్లిద్దరూ కెమెరాలు వదిలేసి పాదరసం రెండు చేతులూ పట్టుకున్నారు. ఈసారి జారలేదు. సీడ్ రూమ్‌లోంచి వణుకుతున్న ఇన్‌స్పెక్టరును కూడా తెచ్చారు. గేటు తాత కేసు తెరిచాడు. స్క్రూడ్రైవర్ల కింద రేకు డబ్బా, అంచులింకా వెచ్చబడలేదు. అక్క దాన్ని మందునీళ్ళతో మూడుసార్లు కడిగి, పదకొండు గంటలకి రెండు చేతులతో పెంపకం ఫారం వాళ్ళకు అప్పగించింది. అతిథులు చప్పట్లు కొట్టారు. ఏం జరిగిందో వాళ్ళకేం తెలుసు, దొంగలను పట్టారటలే అనుకున్నారు.

అందరూ వెళ్ళాక అక్క వరండా మెట్టు మీద కూలబడింది.

"నా చేత్తో నేనే ఉడకబెట్టేసేదాన్ని కదరా," అంది. కళ్ళు తుడుచుకుంది.

గొర్రు ఆమె పక్కన కూర్చున్నాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. రాత్రంతా ఈ మనిషిని అనుమానిస్తూ పొర్లాడు. నువ్వు అలాంటిదానివి కావని ఒక్కసారయినా నిండుగా అనుకోలేకపోయాడు. ఆ సంగతి ఆమెకు ఎప్పటికీ చెప్పలేడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"తప్పయిపోయిందక్కా," అన్నాడు.

అక్క అతని వైపు తిరిగింది. ఆమె చూపు కింద వట్టికాళ్ళ మీద పడింది.

"బూట్లేవిరా?"

"గీత దగ్గర."

"గీత దగ్గరంటే? ఎర్రగదిలోంచి వచ్చి గీత దాటావా?"

"కోటు విప్పాను. కాళ్ళు కడుక్కునే దాటానక్కా. వేళ్ళ సందుల్లో కూడా..."

"ప్యాంటో?"

గొర్రు ప్యాంటు వైపు చూసుకున్నాడు. మోకాలి దగ్గర సన్నగా నారింజ గీత.

"తాతా, రిజిస్టరు పట్రా," అంది అక్క లేస్తూ. కన్నీళ్ళు ఎప్పుడో ఆరిపోయాయి. "సొంత తమ్ముడైతే మాత్రం? సీడ్ రూమ్ మొత్తం మళ్ళీ కడగాలి ఇప్పుడు. రాయి. వారం రోజులు ఏ చేలోనూ అడుగు పెట్టడానికి లేదు."

పెద్దాయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "గొర్రూ, రేపు పొద్దున్నే ఇంకో చోట పనుంది. జింకు లోపం."

అక్క ఆ డ్రైవరు మొహాన్ని, చేతిలోని టోపీని ఎగాదిగా చూసి, "వారం దాటాకే ఏ పనైనా. సంతకం పెట్టండి," అని రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టింది. పెద్దాయన ఒక్క క్షణం ఆవిరి చక్రం వైపు చూశాడు. మారుమాట్లాడకుండా సంతకం పెట్టాడు.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో గొర్రుకు మంజూరైన మొట్టమొదటి సెలవు అది. కారణం అన్న గడిలో గేటు తాత గుండ్రటి అక్షరాలతో "ప్యాంటు" అని రాశాడు.